మంచు అచ్చులో పోసిన కొండలు

ఒరెగాన్ వెళ్లొచ్చానంటే టెక్సాస్‌లో మా ఊరు కాపెల్‌లో అందరూ ఒకటే అడుగుతున్నారు, క్రేటర్ లేక్ చూశారా అని. చూడలేదు. జలపాతాలు? దారిలో ఒకటో రెండో కారు అద్దంలోంచి తళుక్కుమన్నాయి. సముద్రం? అటు వెళ్లనేలేదు. మరి నాలుగు రోజులు ఏం చూశావమ్మా అంటే, హైవే పక్కనున్న రెండు బల్లపరుపు కొండలు చూశాను. వాటి ముందు నుంచి పొద్దస్తమానం కార్లు పోతూనే ఉంటాయి, ఒక్కరూ బ్రేకు మీద కాలెయ్యరు. బోర్డు లేదు, ఫొటో దిగే చోటు లేదు, టికెట్టు లేదు. టికెట్టు లేని చోటికి వెళ్లడం నాకెప్పుడూ ఇష్టమే గానీ, బేరమాడటానికి మనిషే లేని చోటికి వెళ్లడం మాత్రం అదే మొదటిసారి.

నేను పుట్టి పెరిగింది నరసరావుపేటలో, స్టీలు సామాను కొట్టు వెనక ఇంట్లో. నాన్నది సామాను కొట్టు, పెద్దబాబాయిది కిరాణా, చిన్నబాబాయిది బట్టల కొట్టు. మూడూ ఒకే వరసలో ఉండేవి. నేను నడక కంటే ముందు బేరం నేర్చుకున్నానని మావారు అందరికీ చెబుతుంటారు. అది అన్యాయం. రెండూ ఒకేసారి నేర్చుకున్నాను.

మా అమ్మాయి వాసవి ఒరెగాన్‌లోని యూజీన్‌లో జియాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. కంప్యూటర్ సైన్సు సీటు వదులుకుని రాళ్ల వెంట పడింది. "రాళ్లలో జాబ్స్ ఉంటాయా వదినా?" అని పార్టీల్లో నన్ను జాలిగా అడిగేవాళ్లు. మొదట్లో ఆయిల్ కంపెనీలు, జీతాలు అని ఏదో చెప్పి నెట్టుకొచ్చాను. అది చదివేది మంచు కింద పేలిన అగ్నిపర్వతాల గురించి అని తెలిశాక ఆ అబద్ధం కూడా అక్కరకు రాలేదు.

ఫీల్డ్ అసిస్టెంటు ఉద్యోగం

సెప్టెంబరు ఆఖరి వారంలో వాసవి ఫోన్ చేసింది. తనతో కొండల్లో పనిచెయ్యాల్సిన కేట్లిన్ అనే తోటి విద్యార్థిని సైకిల్ మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకుందట. వాళ్ల డిపార్ట్‌మెంటులో కొండల్లోకి ఒంటరిగా వెళ్లనివ్వరు, ఇద్దరుండి తీరాలి. మిగతావాళ్లు తలో దిక్కునా ఉన్నారు. రాళ్లు తెచ్చుకోవడానికి అటవీశాఖ వాళ్లిచ్చిన పర్మిట్ ఆ శనివారంతో ఆఖరు. ఆదివారం నుంచి మంచు పడుతుందని వాతావరణం వాళ్లు చెబుతున్నారు. ఒకసారి పడిందంటే వచ్చే జూలై దాకా ఆ రాళ్లు కనపడవు. అంటే దాని థీసిస్‌లో ఒక అధ్యాయం, దాంతోపాటు ఒక సంవత్సరం మంచు కిందికి పోతాయి.

వాళ్ల నాన్నకి ఆ వారాంతం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది. ఇక మిగిలింది నేను.

"నువ్వు ఏం చెయ్యక్కర్లేదు అమ్మా. జస్ట్ అక్కడ ఉండాలి," అంది.

"ఉంటే ఎంతిస్తారు?"

"వాలంటీర్ అమ్మా. శాండ్‌విచ్ ఇస్తాను."

"టికెట్టు నాది, శాండ్‌విచ్ నీదా? రాత్రి భోజనం కూడా నీదే అయితే వస్తాను."

ఒప్పుకుంది. గురువారం యూజీన్‌లో దిగగానే నా చేత ఏదో ఫారం మీద సంతకం పెట్టించింది. అందులో నా పేరు ఎదురుగా ఫీల్డ్ అసిస్టెంట్ అని రాసి ఉంది. ఈ దేశం వచ్చి పాతికేళ్లయింది. వీసాకి డిపెండెంట్ అన్నారు, తర్వాత హోమ్‌మేకర్ అన్నారు. నాకు ఉద్యోగం పేరొకటి రావడం ఆ కాగితం మీదే. ఫొటో తీసుకుంటే వాసవి తల పట్టుకుంది.

బూట్లు కావాలంది. పాత కొండసామాను అమ్మే కొట్టుకి తీసుకెళ్లింది. ముప్ఫై ఎనిమిది డాలర్ల జత. కుడి బూటు మడమ దగ్గర కుట్టు వదిలి ఉండటం చూపించాను, ఎడమదాని లోపల అట్ట నలిగి ఉండటం చూపించాను, ముక్కున వేలేసుకుని ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడ్డాను. కౌంటర్ దగ్గరున్న గడ్డపాయన ముప్ఫైకి ఇచ్చి, కొత్త తాళ్ల జత పైన పడేశాడు. వాసవి అప్పటికే బయటికెళ్లి కార్లో కూర్చుంది.

నది పక్కన పై ముక్క

మర్నాడు పొద్దున్నే మెకంజీ నది వెంట తూర్పుకి పోతుంటే రోడ్డుకి రెండువైపులా కాలిపోయిన అడవి. కొమ్మల్లేని నల్లటి మాన్లు మైళ్ల కొద్దీ నిలబడి ఉన్నాయి, వాటి కాళ్ల దగ్గర మోకాలెత్తు పచ్చదనం. ఆ అడవి మధ్యలో ఒక చిన్న హోటల్ దగ్గర ఆగాం. వడ్డించే ఆవిడకి డెబ్భై ఏళ్లు ఉండొచ్చు, నన్ను "హనీ" అంది. మేరియన్‌బెర్రీ అనే నల్లటి పండు కూరి కాల్చిన పై అనే పిండివంట, ముక్క ఏడు డాలర్లు. పులుపు మన నేరేడు జామ్‌కి దగ్గర, తీపి మాత్రం పిసినారి చేత్తో వేసింది. నాకు నచ్చింది. అడక్కుండానే మూడుసార్లు కాఫీ నింపింది.

ఎక్కడికి పోతున్నారంటే కొండపేరు చెప్పాం. ఆ దారిలో యాభై ఏళ్లుగా తిరుగుతున్నాను, అక్కడ చూడటానికి ఏముంది అని ఆశ్చర్యపోయింది. వాసవి పేపర్ న్యాప్‌కిన్ మీద బొమ్మవేసి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పక్క బల్ల దగ్గరివాళ్లు కప్పులెత్తి చూపించినా కదల్లేదు. నేను బల్ల కిందనుంచి మా అమ్మాయి కాలు తొక్కి, చాల్లే అనబోయి మానేశాను. అది మాట్లాడుతుంటే నాకూ వినాలనిపించింది.

బిల్లు ఇచ్చాక టిప్పు దగ్గర ఎప్పటిలాగే ఆలోచనలో పడ్డాను. మన దగ్గర కొసరు అమ్మేవాడు వేస్తాడు. ఈ దేశంలో కొన్నవాడు వేస్తాడు. ఈ తిరకాసు నాకింకా మింగుడు పడలేదు.

హాగ్ రాక్

కొండల మధ్య సాంటియమ్ కనుమ దగ్గర రోడ్డు ఒక పెద్ద బండని చుట్టుకుని మలుపు తిరుగుతుంది. ఆ బండే హాగ్ రాక్. దానికి దక్షిణంగా కూతవేటు దూరంలో ఇంకా పెద్దది హేరిక్ బ్యూట్. హేరిక్ అంటే గడ్డివామి. ఆ పేరు పెట్టినవాడు మన గడ్డివాముల్ని చూసుండడు. మనవాటికి పైన కొప్పు ఉంటుంది. దీనికి కొప్పే లేదు. చుట్టూ నిట్టనిలువు గోడలు, పైన సమంగా చదును. నా కళ్లకి పెళ్లి వంటల గుండిగని బోర్లించినట్టుంది.

చుట్టుపక్కల ఉన్నవన్నీ అగ్నిపర్వతాలే. కొన్ని మొనదేలి ఉన్నాయి, కొన్ని ఇసక పోసినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఈ రెండే ఎందుకిలా కోసేసినట్టున్నాయంటే, ఇవి పుట్టేనాటికి ఈ ప్రాంతమంతా మంచు కింద ఉంది. మన ఫ్రిజ్‌లో కట్టే మంచు కాదు, కొండల్ని ముంచేసే మందాన ఉన్న మంచు. దాని అడుగున భూమి పగిలి లావా పైకి తన్నింది. నెత్తిమీది మంచుని కరిగించుకుంటూ బావిలా తవ్వుకుంది, కానీ నాలుగువైపులా మంచు గోడలే. పక్కలకి పారడానికి దారి లేదు. పళ్లెంలో పోసిన మైసూర్‌పాక్ ఎలా సర్దుకుంటుందో అలా సర్దుకుని, పైన చదునై గట్టిపడింది. తర్వాత మంచు పోయింది. అచ్చు కరిగిపోయి పాకం మిగిలిందన్నమాట. ఇలాంటి కొండల్ని టూయా అంటారు.

మైసూర్‌పాక్ పోలిక నాదే. వాసవి విని, వచ్చే సెమిస్టరు క్లాసులో వాడుకుంటానంది.

ఆ పాకం మంచుకి తగిలిన అంచు ఒక్కసారిగా చల్లారి గాజయిపోతుంది. నల్లగా, నిగనిగలాడుతూ, పెన్సిళ్ల కట్టలు అడ్డంగా పేర్చినట్టు సన్నసన్న స్తంభాలు గోడలోంచి బయటికి చూస్తుంటాయి. ఆ గాజులో చిటికెడంత నీరు చిక్కుకుని ఉంటుందట. అదెంతో కొలిస్తే అప్పుడు పైనున్న మంచు బరువెంతో, మందమెంతో లెక్క తేలుతుంది. ఇది విన్నాక నాకు మా కొట్లు గుర్తొచ్చాయి. సరుకు ఎప్పుడో కరిగిపోయింది. కాటా లేదు, తూకంరాళ్లు లేవు. అయినా మా అమ్మాయి దాని తూకం చెబుతుంది. మా వరస కొట్లలో ఎవరికీ చేతకాని పని.

శుక్రవారమంతా అక్కడే. వాసవి కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో గోడలోంచి ముక్కలు కొట్టేది. ఎంత ఎత్తులో కొట్టిందో టేపుతో కొలిచి అంకె అరిచేది. నేను సంచీ మీద ఆ అంకె వేసి, ముక్కలు అందులో వేసి మూతి కట్టేదాన్ని. ఒక్కో సంచీలో మూడు నాలుగు ముక్కల కంటే పడటం లేదు. సాయంత్రానికి ఆరు సంచులయ్యాయి. ఆరూ బక్కచిక్కినట్టే ఉన్నాయి. అవి చూస్తే నాకు ప్రాణం ఒప్పలేదు. ఇంత దూరం వచ్చి ప్రొఫెసరుగారి చేతిలో సగం సంచీ పెడితే ఏం బావుంటుంది? గోడ కింద రాలిన ముక్కలు బోలెడున్నాయి, అదే నలుపు, అదే మెరుపు. వాసవి అటు తిరిగి నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే, మంచివి ఏరి సంచీకి రెండేసి చొప్పున వేశాను. సంచులు కళకళలాడాయి.

సిస్టర్స్ ఊళ్లో మోటెల్

కనుమ దిగి తూర్పున సిస్టర్స్ అనే ఊళ్లో గది తీసుకున్నాం. ఊరంతా పాత సినిమా సెట్టింగులా చెక్క ముఖభాగాలు, లోపల మాత్రం పధ్నాలుగు డాలర్ల సబ్బులు. ఒప్పందం ప్రకారం భోజనం వాసవిదే. టాకోలు తెచ్చింది, నేను తెచ్చిన గోంగూర పచ్చడి వాటిలో కూరుకుని తిన్నాం.

తిన్నాక అది కార్పెట్ మీద కాగితం పరిచి సంచులు విప్పింది. నాలుగో సంచీలోంచి ఒక ముక్క తీసి దీపానికి పెట్టి చూసింది, వేలితో అంచు తడిమింది.

"ఇది రౌండ్‌గా ఉంది అమ్మా. నేను కొట్టిన పీస్‌కి ఎడ్జెస్ షార్ప్‌గా ఉండాలి కదా," అంది. నన్ను అడగలేదు. తనలో తనే గొణుక్కుంది. "నేనే ఏదో మిక్స్ చేశానేమో. టైర్డ్ అయిపోయాను కదా."

ఆ ముక్కని పక్కన పెట్టి, మిగతావి సంచీలో వేసి, ఐదోది అందుకుంది.

నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. నోరు మూసుకుని ఉంటే ఆ సంగతి అక్కడితో అయిపోయేది. మిగతా ముక్కలు నేను చూసి చూసి వేసినవి, వాటి మీద అనుమానం రాదు. అది తననే తప్పుపట్టుకుని నిద్రపోయేది. మంచు ఆదివారం పడుతుంది. చేతిలో ఉన్నది శనివారం ఒక్కటే, ఆ ఒక్కరోజూ ఇంకా మొదలే పెట్టని హేరిక్‌కే చాలదు. ఇవన్నీ బేరగత్తె బుర్ర ఒక్క క్షణంలో కూడేసింది. కానీ అది "నేనే మిక్స్ చేశానేమో" అన్న మాట మాత్రం ఆ కూడికలో ఇమడలేదు.

"ఒక్కటి కాదు," అన్నాను. "అన్నిట్లో వేశాను. రెండేసి."

తలెత్తి చూసింది. "ఏం వేశావ్?"

"కింద పడున్నవి. కొసరు."

"కొసరు అంటే?"

పాతికేళ్ల పిల్లకి కొసరంటే ఏమిటో ఒరెగాన్‌లో మోటెల్ గదిలో చెప్పాల్సొచ్చింది. పప్పు తూచాక మా బాబాయి పైన వేసే పిడికెడు, గిన్నెల సెట్టు కొంటే మా నాన్న చేతిలో పెట్టే చెంచా. అడక్కుండా వేస్తేనే కొట్టుకి పరువు.

అంతా విని, "ఎవరికి ఇస్తున్నావ్ అమ్మా కొసరు? మంచుకా?" అంది.

"మీ ప్రొఫెసరుకి అనుకున్నాను."

అరిచినా బావుండేది. అరవలేదు. ఒక్కో సంచీ అంటే గోడ మీద ఒక్క చోటు అని నెమ్మదిగా చెప్పింది. ఎత్తు మారితే పైనున్న మంచు బరువు మారుతుంది. కింద రాలిన ముక్క ఏ ఎత్తు నుంచి పడిందో ఎవరికీ తెలీదు, రోడ్డు వేసినవాళ్లు ఎక్కణ్ణుంచో తెచ్చి పోసిందైనా కావచ్చు. అది కలిస్తే లెక్క తప్పుతుంది. తప్పిందని తెలియను కూడా తెలియదు.

నా సరుకు నేను ఏరేస్తానన్నాను. వేసినవి నా చేతికి గుర్తున్నాయన్నాను.

"షూరా?"

"నూటికి తొంభై."

"మిగతా పది ఏం చెయ్యాలి అమ్మా?"

వాసవి లేచి, ఆరు సంచులూ తీసుకుని, వెనక తలుపు తెరిచి, మోటెల్ పెరట్లో పరిచిన కంకర మీద ఒకదాని తర్వాత ఒకటి గుమ్మరించింది. రోజంతా సుత్తితో కొట్టిన సరుకు. దాని అరచేతుల్లో బొబ్బలు నేను చూశాను. రేపెప్పుడో ఏ జియాలజిస్టో ఈ పెరట్లో మోకరిల్లి, సిస్టర్స్ ఊరు కిందే అగ్నిపర్వతముందని రాసినా నేను ఆశ్చర్యపోను.

లోపలికొచ్చి నోట్‌బుక్ తెరిచి పెన్నుతో రాసింది. తొంగి చూశాను. ఒకటి నుంచి ఆరు సంచులు పారేశాం, ఫీల్డ్ అసిస్టెంటు బయటి ముక్కలు కలిపింది అని ఇంగ్లీషులో ఉంది. కింద సంతకం.

"పారేశాం అని రాస్తే చాలదా? ఎవరు కలిపారో ఎందుకే?"

"జరిగింది అదే కదా అమ్మా."

"పోనీ, పొరపాటున అని ఒక్క మాట వెయ్యి."

పెన్ను పట్టుకుని ఆలోచించింది. "అది ట్రూనే," అని ఆ మాట ఇరికించింది. ఆ నాలుగు రోజుల్లో వాసవి దగ్గర నేను గెలిచిన బేరం అదొక్కటే.

మోదుకునే పద్ధతి

శనివారం తెల్లవారకుండానే హాగ్ రాక్ దగ్గరున్నాం. నిన్నటి పని మధ్యాహ్నంలోపు మళ్లీ చెయ్యాలి. అక్కడే నాకు నా పనేమిటో దొరికింది. వాసవి కొట్టిన ముక్కల్లో సగం లోపల పగుళ్లుండి చేతిలోనే చిట్లిపోతున్నాయి. పగుల్లోంచి వాననీరు దిగితే ఆ గాజు లెక్కకి పనికిరాదట. అది కొట్టడం, చిట్లడం, మళ్లీ కొట్టడం.

నేను సుత్తి అడిగి తీసుకున్నాను. మా కొట్లో గిన్నె అమ్మేముందు వేలి కణుపుతో మోదేవాళ్లం. సందు లేని గిన్నె ఖంగుమంటుంది, సన్నటి చీలికున్నా మొద్దుగా పలుకుతుంది. గోడని సుత్తి పిడితో మోదుకుంటూ పోయాను. టక్, టక్, టక్. ఒకచోట ఖంగుమంది.

"ఇక్కడ కొట్టు."

కొట్టింది. గుప్పెడంత నల్లటి ముక్క, చీలిక లేకుండా ఊడొచ్చింది. వాసవి దాన్ని అటూ ఇటూ తిప్పింది, నా మొహం చూసింది, మళ్లీ దాన్ని చూసింది. లోపల నీరు దిగిందో లేదో ల్యాబే చెప్పాలి, కానీ ఇలాంటి ముక్క నిన్నంతా దొరకలేదంది. తర్వాత నేను మోదడం, అది కొట్టడం. ఎత్తు తనే కొలిచింది, అంకె తనే వేసింది, మూతి తనే కట్టింది. సంచీల జోలికి నన్ను రానివ్వలేదు. న్యాయమే. పదకొండున్నరకల్లా ఆరు సంచులు. బక్కవే.

రాళ్లకి కొనేవాళ్లు

హేరిక్ దగ్గర మట్టిరోడ్డు పక్కన భోజనానికి కూర్చున్నాం. చెట్లలోంచి ఒకావిడ వచ్చింది, చేతిలో బకెట్టు, నడుముకి కత్తి. నా వయసే ఉంటుంది. పేరు ఖాం, లావోస్ నుంచి చిన్నప్పుడొచ్చిందట. ఏటా ఈ రోజుల్లో ఈ అడవిలో మత్సుతాకె అనే ఖరీదైన పుట్టగొడుగులు ఏరుతుంది, సాయంత్రం రోడ్డు పక్క డేరాల్లో కొనేవాళ్లకి అమ్ముతుంది. ఒకటి వాసన చూడమంది. దాల్చినచెక్కకీ తడిసిన గోనెకీ మధ్య ఏదో. కొనేవాళ్లు మొదట ఎంతంటారు, నువ్వెంత దాకా లాగుతావు అని అడిగాను. ఆవిడ కళ్లు మెరిశాయి. ముందు పక్క డేరా వైపు రెండడుగులు వేసి చూపిస్తుందట. నేనూ బట్టల కొట్లలో అదే చేస్తానన్నాను. భాష మధ్యలో అడ్డం రాలేదు.

ఆవిడ చిన్న వెదురు బుట్టలోంచి జిగురన్నం తీసి, ఎండుమిర్చి కాల్చి నూరిన పచ్చడితో ఇచ్చింది. అచ్చం మన రోటి పచ్చడి, చేపల వాసనొకటి ఎక్కువ. నేను పులిహోర పెట్టాను. చింతపండు ఆవిడకి కొత్త కాదు. రెండోసారి అడిగి పెట్టించుకుంది.

తర్వాత మా బస్తా చూసి లోపలేముందంది. రాళ్లన్నాం. పౌను ఎంతకి పోతుందని అడిగింది. కొనేవాళ్లు లేరన్నాం. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి చాలా జాలిపడింది. పైకెక్కే దారి అడిగితే, ఎదురుగా ఉన్న వాలంతా జారే రాయని, ఇంకో పక్క చెట్లున్న గాడి వెంట పొమ్మని కర్రతో నేల మీద గీసి చూపించింది.

గుండిగ మీద

ఆ గాడి వెంట ఎక్కాం. ఎక్కామనడం నాకు నేనిచ్చుకుంటున్న మర్యాద. చేతులతో, మోకాళ్లతో, ఒకచోట గడ్డంతో కూడా పాకాను. దోవ మధ్యలో కాలు జారి పదడుగులు కూర్చునే కిందికి వచ్చేశాను. కాపెల్‌లో సగం ధరకి కొన్న ప్యాంటు వెనకవైపు ఆ కొండకే అంకితమైపోయింది. చున్నీ తీసి నడుముకి చుట్టుకున్నాను. ముప్ఫై డాలర్ల బూట్లు మాత్రం మాట నిలబెట్టుకున్నాయి.

గోడ మీద నాలుగు ఎత్తుల్లో మోదాను, నాలుగింట్లో గాజు దొరికింది. ఐదోది అన్నిటికంటే పైన, సరిగ్గా కొండ అంచు కింద ఉండాలి. అది దొరికితేనే మంచు ఎంత ఎత్తుదాకా ఆనుకుందో పై లెక్క తేలుతుంది. అరగంట మోదాను. అన్నీ మొద్దుగానే పలికాయి. పడమట ఆకాశం సీసం రంగుకి తిరిగింది. వాచీ చూస్తే నాలుగు. చీకటి పడేలోపు దిగాలి, రేపనేది లేదు.

కింద వాలు మీద చక్కటి గాజు ముక్క ఒకటి పడి ఉంది. పై అంచు నుంచే రాలుంటుంది, ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? నాకు కనపడింది. వాసవీ దాన్నే చూస్తోందని నాకు తెలుసు. వాసవి దాన్ని దాటుకుని ఇంకో ఇరవై అడుగులు పక్కకి పాకింది.

"ఇక్కడ మోదు అమ్మా."

మోదాను. మొద్దు. మోచేయంత పైన మోదాను. మొద్దు. బండ కిందికి చెయ్యి దూర్చి, వేళ్లతో తడిమి, సుత్తి పిడి కొసతో తట్టాను. ఖంగుమంది. అంత తియ్యటి చప్పుడు మా కొట్లో కంచు గిన్నె కూడా ఎప్పుడూ చెయ్యలేదు. వాసవి పడుకుని కొట్టాల్సొచ్చింది. మూడు ముక్కలు వచ్చాయి. ఎత్తు రెండుసార్లు కొలిచింది.

అక్కణ్ణుంచి పైకి పది అడుగులే. ఎక్కి నిలబడ్డాం. కొండ మీద కొండలా లేదు. కాళ్ల కింద చదును, దాని మీద చెట్లు, చెట్ల మధ్య దారి లేని నడక. ఎదురుగా మొనదేలిన పెద్దపెద్ద కొండలు మబ్బుల్లోకి తలలు దూర్చి ఉన్నాయి. ఒకప్పుడు మేం నిలబడ్డ చోటుకి చుట్టూ మంచు గోడ కట్టి ఉందని, మేమున్నది దాని లోపలి నుయ్యి అంచు వరకూ నిండిన పాకం మీద అని వాసవి చేయి తిప్పి చూపించింది. నాకు ఆ మంచు కనపడింది. నిజంగా. బుగ్గ మీద చల్లగా ఏదో తగిలితే అదే అనుకున్నాను. చూస్తే ఈ ఏటి మొదటి మంచు రవ్వ. ఒక రోజు ముందే వచ్చేసింది. సంచులు వీపుకెత్తుకుని దిగడం మొదలుపెట్టాం.

తూకం

నేను కాపెల్ వచ్చేశాక నెల తిరిగింది. ల్యాబులోంచి వాసవి ఫోన్ చేసింది. పదకొండు సంచుల్లో ఏడింట్లో గాజు చెక్కుచెదరకుండా ఉందట, హేరిక్ పై అంచుది కూడా. అధ్యాయం నిలబడుతుంది. మంచు మందం ఎంతని అడిగాను. ఇంకా చెప్పనంది, మళ్లీ కొలవాలంది. సుమారుగా చెప్పమన్నాను. చెప్పనంది. నాకొక్కదానికే చెప్పమన్నాను. నవ్వేసింది.

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. వాళ్ల ప్రొఫెసరు ఆ నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదివిందట. ఆరు సంచులు పారేసిన లైను దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, ఇది రాసి ఉంది కాబట్టి మిగతా సంచుల గురించి నేను అడగాల్సిన ప్రశ్నేమీ లేదు అందట.

ఆ పేజీ ఫొటో పంపమన్నాను. పంపింది. మావారు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ఇందులో నీ తప్పే కదా రాసింది, దీనికింత మురిసిపోవడమేమిటి, అన్నారు.

ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం సరుకు సర్దుకొచ్చినవాళ్లమే. పప్పుకి పురుగు పడితే ఎండలో పోసి చెరిగి అమ్మాం. సొట్టపడ్డ గిన్నెని మంచి గిన్నెల మధ్య దోపి అమ్మాం. నూటికి తొంభై బావుందంటే అది మాకు బంగారం. మిగిలిన పది మీద అనుమానమొచ్చి, రోజంతా చేతులు బొబ్బలెక్కేలా కొట్టిన సరుకుని నేల మీద గుమ్మరించి, ఎందుకు గుమ్మరించిందో రాసి కింద సంతకం పెట్టిన మనిషి మా ఇంట్లో ఇదే మొదలు.